మనిషి దిగమంటాడు, యంత్రం ఎక్కమంటుంది: బెంగళూరు స్టూడియోలో ఒక చర్చ

(బెంగళూరులో రికార్డు చేసిన తెలుగు చర్చా కార్యక్రమానికి ఇది అక్షరరూపం. పాల్గొన్నవాళ్లు ముగ్గురు: ఎయిర్‌బస్ నడిపే భీమవరం కెప్టెన్, చెన్నైలోనూ బెంగళూరులోనూ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా చేసి రిటైరైన నెల్లూరు ఆవిడ, ఏవియానిక్స్ (విమానాల ఎలక్ట్రానిక్స్) ఇంజనీరుగా పనిచేస్తున్న హిందూపురం కుర్రాడు. ఇద్దరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.)

యాంకర్: నమస్కారం. మురుగేశ్‌పాళ్యలో పాత కాపురస్తులను అడిగితే చెబుతారు, హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్ రోజుల్లో డాబా మీద బట్టలు ఆరేస్తుంటే విమానం చక్రాలు కనబడేవని. 2008లో ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లికి పోయింది, 2019 చివర్లో రెండో రన్‌వే వచ్చింది. సరే, నేరుగా విషయంలోకి వస్తాను. 2022 జనవరి 9 ఉదయం ఇక్కడి నుంచి ఒకే సంస్థ విమానాలు రెండు, ఒకటి కోల్‌కతాకి, ఒకటి భువనేశ్వర్‌కి, దాదాపు ఒకేసారి లేచాయి. లేచాక ఒకదానికొకటి దగ్గరగా వెళ్లాయి. రెండింట్లో కలిపి 426 మంది ఉన్నారు. రాడార్ కంట్రోలర్ గమనించి పక్కకు తిప్పారు. మేడమ్, రెండు రన్‌వేలు ఉన్నాయి, రెండు విమానాలు లేచాయి. తప్పు ఎక్కడ జరిగింది?

కంట్రోలర్: విమానాలు లేవడంలో తప్పేమీ లేదండీ. ఆ ఉదయం నార్త్ రన్‌వే టేకాఫ్‌లకి, సౌత్ రన్‌వే ల్యాండింగ్‌లకి వాడుతున్నారు. షిఫ్ట్ ఇన్‌చార్జి అన్నిటికీ నార్త్ ఒక్కటే చాలనుకుని సౌత్ మూసేయాలని నిర్ణయించారు. ఆ సంగతి సౌత్ టవర్‌లో ఉన్న కంట్రోలర్‌కి చేరలేదని ప్రాథమిక నివేదికలో వచ్చింది. ఆయన దృష్టిలో సౌత్ రన్‌వే తెరిచే ఉంది, విమానానికి క్లియరెన్స్ ఇచ్చారు. నార్త్ టవర్ వాళ్లు తమ విమానానికి ఇచ్చారు. ఎవరి లెక్క వాళ్లకి సరిగ్గానే ఉంది.

కెప్టెన్: ఇక్కడ ఒక్కటి చెప్పాలి. పైలట్, కంట్రోలర్ మధ్య సమాచార లోపం అని మనం ఈరోజు చర్చ పెట్టుకున్నాం. ఆ ఉదయం పైలట్లతో మాట్లాడటంలో లోపమేం లేదు. 'క్లియర్డ్ ఫర్ టేకాఫ్' అన్నారు, తిరిగి చెప్పారు, లేచారు.

కంట్రోలర్: అదే నేనూ అనేది. పైలట్‌కి వెయ్యి అడుగులు పైకి వెళ్లమని చెబితే, ఆయన చేత మళ్లీ చెప్పించుకుంటాం. అది మా వృత్తిలో ఓనమాలు. కానీ పక్కనున్న మా మనిషికే 'రన్‌వే మూసేశాం' అని చెప్పేటప్పుడు మాత్రం తలూపితే చాలనుకుంటాం. ఒక్కోసారి చెప్పామనే అనుకుంటాం. రేడియోలో ఉన్నంత క్రమశిక్షణ గదిలో ఉండదు.

యాంకర్: అంటే రేడియోలో మాటలకి ఆ క్రమశిక్షణ పూర్తిగా ఉందంటారా?

కెప్టెన్: (నవ్వు) అలా అయితే మనం ముగ్గురం ఇక్కడికి వచ్చేవాళ్లం కాదు.

యాంకర్: దానికి వస్తాం. ముందు టీక్యాస్ అంటే ఏమిటో ఇంజనీరు గారు చెప్పాలి. విమానాలు గుద్దుకోకుండా ఆపే యంత్రం అని అందరూ అంటారు. రాడార్ లాంటిదా?

ఇంజనీర్: రాడార్ కాదండీ. ప్రతి విమానంలో ట్రాన్స్‌పాండర్ అని ఒక పెట్టె ఉంటుంది. కింద నుంచి రాడార్ 'ఎవరు నువ్వు, ఎంత ఎత్తులో ఉన్నావు' అని అడిగితే జవాబు చెబుతుంది. టీక్యాస్ చేసేదల్లా, అదే ప్రశ్న ఒక విమానం నుంచి ఇంకో విమానాన్ని అడగడం. సెకనుకోసారి అడుగుతూనే ఉంటుంది. జవాబుని బట్టి ఎంత దూరంలో ఉన్నామన్నది కాదు, ఎన్ని సెకన్లలో దగ్గరవుతామన్నది లెక్క వేస్తుంది. ప్రమాదం ఉందనిపిస్తే ముందు 'ట్రాఫిక్, ట్రాఫిక్' అంటుంది. అది హెచ్చరిక మాత్రమే, ఏమీ చేయక్కర్లేదు, కళ్లు తెరిచి చూడమని. ఇంకా దగ్గరైతే 'క్లైంబ్, క్లైంబ్' అనో 'డిసెండ్, డిసెండ్' అనో ఆజ్ఞ వస్తుంది. దాన్ని ఆర్ఏ అంటారు. అప్పటికి మిగిలేది ఎత్తుని బట్టి 15 నుంచి 35 సెకన్లు.

యాంకర్: ఎడమకో కుడికో తిరగమనదా?

ఇంజనీర్: అనదు. పైకి, కిందికి అంతే. ఎందుకంటే అవతలి విమానం ఎత్తు దానికి కచ్చితంగా తెలుస్తుంది, ఏ దిక్కున ఉందన్నది అంత కచ్చితంగా తెలియదు. ఇందులో అసలైన తెలివి ఇంకోటి ఉంది. సన్న సందులో ఎదురుపడ్డ ఇద్దరు మనుషులు ఒకే పక్కకి జరిగి, మళ్లీ ఇద్దరూ రెండో పక్కకి జరిగి గుద్దుకుంటారే, అది జరగకుండా రెండు పెట్టెలూ ముందే మాట్లాడుకుంటాయి. ఒకటి 'నేను ఎక్కుతున్నా' అంటే రెండోది దిగడమే ఎంచుకుంటుంది. ఒకరు ఆ ఒప్పందం తప్పితే మాత్రం రెండోవాళ్ల ప్రాణం మీదకి వస్తుంది.

యాంకర్: కెప్టెన్ గారూ, కాక్‌పిట్‌లో ఆ క్షణం ఎలా ఉంటుంది?

కెప్టెన్: చెబుతాను. కాఫీ చేతిలో ఉంటుంది, పక్కన ఫస్ట్ ఆఫీసర్ దిగబోయే ఊరి వాతావరణం రాసుకుంటుంటాడు. తెర మీద ఒక చిన్న తెల్ల గుర్తు పసుపు రంగులోకి మారుతుంది, 'ట్రాఫిక్, ట్రాఫిక్' అని మగ గొంతు. అప్పుడే నేను 'టీక్యాస్, ఐ హావ్ కంట్రోల్' అనాలి. అంటే విమానం నాది, నువ్వు చేయి పెట్టకు అని. తర్వాత ఆ పసుపు గుర్తు ఎర్రగా మారి 'క్లైంబ్' అంటే ఆటోపైలట్ తీసేయాలి, తెర మీద దారి చూపించే గీతలు, అంటే ఫ్లైట్ డైరెక్టర్లు, ఆపించాలి. ఎంత వేగంగా ఎక్కుతున్నామో, దిగుతున్నామో చూపించే స్కేలు మీద ఎర్ర పట్టీ, దాని పక్కన ఆకుపచ్చ పట్టీ వస్తాయి. సూది ఎర్రలోంచి పచ్చలోకి తేవాలి. ఇదంతా 5 సెకన్లలో మొదలైపోవాలి. 'అసలు ఆ విమానం ఎక్కడుంది, ఏది చూద్దాం' అని అద్దంలోంచి వెతకడం మొదలుపెడితే ఆ 5 సెకన్లూ అక్కడే పోతాయి. కొన్ని కొత్త ఎయిర్‌బస్‌లలో ఆటోపైలటే ఈ పని చేసేస్తుంది, అది మంచి మార్పే.

ఇంజనీర్: జనం అనుకున్నంత కుదుపు కూడా ఉండదు. నెమ్మదిగా, నిమిషానికి 1,500 అడుగుల చొప్పున ఎక్కమంటుంది. చాలాసార్లు వెనక కూర్చున్నవాళ్లకి తెలియనే తెలియదు.

యాంకర్: ఇంత పకడ్బందీగా ఉంటే 2002లో జర్మనీలో యూబర్లింగెన్ మీద ఆ రెండు విమానాలు ఎలా గుద్దుకున్నాయి? రెండింట్లోనూ టీక్యాస్ ఉంది కదా?

కంట్రోలర్: ఇది నేను చెబుతాను. దీని గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఆ కంట్రోలర్‌తో మొదలుపెట్టి ఆయనతోనే ఆపేస్తారు. జులై 1, రాత్రి పదకొండున్నర దాటింది. రష్యా నుంచి బార్సిలోనా వెళ్తున్న టుపొలేవ్ విమానం, అందులో ఎక్కువమంది సెలవులకి వెళ్తున్న పిల్లలు. ఇటు బెర్గామో నుంచి బ్రసెల్స్ వెళ్తున్న డీహెచ్ఎల్ సరుకు విమానం. రెండూ 36 వేల అడుగుల ఎత్తులో. చూస్తున్నది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కంట్రోల్ కేంద్రం నుంచి. అక్కడ ఇద్దరు ఉండాలి, ఒకరు విశ్రాంతికి వెళ్లారు. ఆ సంస్థలో రాత్రిపూట అలా వెళ్లడం చాన్నాళ్లుగా నడుస్తున్న అలవాటు, పైవాళ్లకి తెలుసు. మిగిలిన ఒక్కడూ రెండు తెరల ముందు, రెండు ఫ్రీక్వెన్సీలలో పనిచేస్తున్నాడు. మరమ్మతుల కోసం ప్రధాన టెలిఫోన్ లైన్లు ఆపేశారు. 'ఇవి దగ్గరవుతున్నాయి' అని తెర మీద వెలిగే హెచ్చరికా ఆ రాత్రి లేదు. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఉన్న కంట్రోలర్లకి ప్రమాదం కనబడింది. ఫోన్ చేశారు, మళ్లీ చేశారు. లైన్ కలవలేదు.

కెప్టెన్: జ్యూరిక్ కంట్రోలర్ ఆ సమయంలో రెండో తెర దగ్గర ఒక ఎయిర్‌బస్‌ని దింపే పనిలో ఉన్నాడు.

కంట్రోలర్: అవును. ఆలస్యంగా చూశాడు, చూడగానే టుపొలేవ్‌ని దిగమన్నాడు. ఆ మాట అంటుండగానే టుపొలేవ్‌లో టీక్యాస్ ఎక్కమంది. డీహెచ్ఎల్‌కి దిగమంది. కో పైలట్ 'ఇది ఎక్కమంటోంది' అన్నాడు. 'అతను మనల్ని దింపుతున్నాడు' అని జవాబు. కంట్రోలర్ రెండోసారి కూడా దిగమన్నాడు, అవతలి విమానం ఎటువైపు ఉందో కూడా తప్పు చెప్పాడు. రెండూ కలిసి దిగాయి. డీహెచ్ఎల్ పైలట్లు టీక్యాస్ చెప్పినట్టు దిగుతున్నామని రేడియోలో చెప్పారు, అది ఆయన చెవిన పడలేదు. 71 మంది పోయారు.

యాంకర్: అయితే యంత్రం మాట విననందుకు టుపొలేవ్ పైలట్లదే తప్పు అనుకోవాలా?

కంట్రోలర్: ఏ పుస్తకం చదివి నేర్చుకుంటే ఆ పుస్తకం ప్రకారం చేస్తారు. వాళ్ల విమానం మాన్యువల్‌లో కంట్రోలర్ మాటే ముఖ్యం, టీక్యాస్ దానికి తోడు అన్నట్టు రాసి ఉంది. పాశ్చాత్య దేశాల్లో శిక్షణ తీసుకున్నవాళ్లకి నేర్పింది వేరు. ఒకే ఆకాశంలో రెండు రకాల పాఠాలు. జర్మన్ దర్యాప్తు సంస్థ ఆ సంగతి స్పష్టంగా రాసింది, నిబంధనలు దేశానికొకలా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని.

కెప్టెన్: నన్నడిగితే బాధ అక్కడ కాదు. దానికి 17 నెలల ముందే, 2001 జనవరిలో జపాన్‌లో ఇదే జరిగింది. కంట్రోలర్ శిక్షణలో ఉన్న వ్యక్తి. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలు రెండు, 958, 907. 958కి చెప్పాల్సిన 'దిగు' అనే మాట 907కి చెప్పాడు. 907 పైలట్ అది విని తిరిగి చెప్పాడు కూడా. ఆ నంబరు తేడా ఎవరూ పట్టుకోలేదు. టీక్యాస్ 907ని ఎక్కమంది, కెప్టెన్ దిగుతూనే ఉన్నాడు. ఆఖరి క్షణంలో ఎదురుగా కనబడితే విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి దించేశాడు. సీట్లలో లేనివాళ్లు, సర్వీస్ బండ్లు పైకప్పుకి తగిలాయి. దాదాపు వందమందికి గాయాలు. రెండు విమానాల్లో కలిపి 677 మంది ఉన్నారు. అందరూ బతికారు కాబట్టి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. యూబర్లింగెన్ తర్వాత గానీ 'ఆర్ఏ వస్తే కంట్రోలర్ ఏం చెప్పినా ఆర్ఏనే పాటించాలి' అని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ తేల్చి రాయలేదు.

యాంకర్: ఇప్పుడు ఆ విషయంలో సందేహం లేదు కదా?

కెప్టెన్: కాగితం మీద లేదు. ఆర్ఏ రాగానే 'టీక్యాస్ ఆర్ఏ' అంటాం. కంట్రోలర్ 'రోజర్', అంటే విన్నాను, అని ఊరుకోవాలి. ప్రమాదం దాటాక 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అని చెప్పి మళ్లీ మా ఎత్తుకి వెళ్తాం.

కంట్రోలర్: 'రాగానే' అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. రాగానే చెప్పరు. మొత్తం పని అయ్యాక, ఊపిరి పీల్చుకున్నాక చెబుతారు. ఈలోగా నాకు తెర మీద కనబడేది ఏమిటి? నేను ఇచ్చిన ఎత్తు వదిలేసి ఒక విమానం చెప్పాపెట్టకుండా ఎక్కిపోతోంది. నేను ఏం చేస్తాను? ఆగమంటాను, దిగమంటాను. అంటే యంత్రానికి ఎదురు మాట్లాడేలా మీరే నన్ను తయారుచేస్తున్నారు.

కెప్టెన్: మేడమ్, ముందు విమానం నడపాలి, మాట్లాడటం తర్వాత. మాకు నేర్పేదే అది.

కంట్రోలర్: నడిపేది ఒకరు, పక్కన ఇంకొకరు ఉన్నారుగా! రెండు ముక్కలు మాట్లాడటానికి ఆయన నోరు ఖాళీయే కదా?

కెప్టెన్: (నవ్వు) అది ఒప్పుకుంటాను. అయితే ఆ సమయానికి ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉండాలి. మీ తెర మీద పది, పదిహేను విమానాలు ఉంటే, ఎవరో ఒకరు 'రిక్వెస్ట్ డైరెక్ట్', నేరుగా వెళ్లనివ్వండి అంటూనే ఉంటారు.

ఇంజనీర్: మన దగ్గర నడిచిన ఉదాహరణ ఒకటి ఉంది. 2018 జులై 10, బెంగళూరు గగనతలంలో. కోయంబత్తూరు నుంచి హైదరాబాద్ వెళ్లేది ఒకటి, ఇక్కడి నుంచి కొచ్చి వెళ్లేది ఒకటి. రెండూ ఎక్కుతున్నాయి, ఒకదానికి 36 వేల అడుగులు, రెండోదానికి 28 వేలు ఇచ్చారు. 27 వేల అడుగుల పైన టీక్యాస్ మోగింది, ఇద్దరు పైలట్లూ పాటించారు. అప్పుడు రెండింటి మధ్య నిలువు దూరం 200 అడుగులని వార్తల్లో వచ్చింది. ఉండాల్సింది వెయ్యి.

యాంకర్: మన దేశంలో టీక్యాస్ తప్పనిసరి కావడానికి కారణం మాత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ ప్రమాదం. 1996 నవంబర్ 12. 349 మంది. గాల్లో రెండు విమానాలు ఢీకొన్న ఘటనల్లో ప్రపంచంలోనే అంత ప్రాణనష్టం ఇంకెక్కడా జరగలేదు. మేడమ్, అప్పటికి మీరు సర్వీసులో ఉన్నారా?

కంట్రోలర్: ఉన్నాను, చెన్నైలో. ఆ మర్నాడు డ్యూటీ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఢిల్లీలో రావడానికీ పోవడానికీ అప్పుడు ఒకటే దారి. సౌదీ బోయింగ్ 747 లేచి 14 వేల అడుగులకి వెళ్తోంది. ఎదురుగా కజకిస్తాన్ ఇల్యుషిన్ దిగుతోంది, దాన్ని 15 వేల దగ్గర ఆగమన్నారు. వెయ్యి అడుగుల తేడా, నిబంధన ప్రకారం సరిపోతుంది. కజక్ విమానం '15 వేలకి చేరాం' అని చెప్పింది. నిజానికి అది దానికంటే కింద ఉంది, ఇంకా దిగుతూనే ఉంది. మీరనొచ్చు, తెర మీద చూసుకోవచ్చు కదా అని. ఆనాటి ఢిల్లీ తెర మీద విమానం చుక్కగా కనబడుతుంది, ఎత్తు కనబడదు. ఎత్తు చూపించే సెకండరీ రాడార్ అప్పటికి పనిలో పెట్టలేదు. పైలట్ నోటితో చెప్పిందే కంట్రోలర్‌కి లోకం.

కెప్టెన్: కజక్ కాక్‌పిట్‌లో రేడియోలో మాట్లాడేది పైలట్లు కాదు, అది జనం మరిచిపోతారు. రేడియో ఆపరేటర్ అని వేరే మనిషి ఉండేవాడు. ఇంగ్లీషులో మాట్లాడేది ఆయన, విమానం నడిపేది ఇంకొకరు. ఆయన ముందు సొంతంగా ఎత్తు చూపే మీటర్ లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాలి. అంటే కంట్రోలర్ మాట ముందు ఆపరేటర్ చెవికి, అక్కడి నుంచి ఇంకో భాషలో పైలట్ చెవికి. 'ఎదురుగా సౌదీ విమానం ఉంది, 14 వేలలో' అని కంట్రోలర్ స్పష్టంగానే చెప్పారు. అది రష్యన్‌లో లోపలికి ఏ రూపంలో వెళ్లిందో ఆలోచించండి. '14 వేలు' అన్నది అవతలి విమానం ఎత్తా, తాము దిగాల్సిన ఎత్తా?

కంట్రోలర్: విచారణ జరిపిన జస్టిస్ లాహోటీ కమిషన్ మాత్రం సూటిగానే చెప్పింది, ఇచ్చిన 15 వేలు వదిలేసి కజక్ విమానం కిందికి రావడమే కారణమని. ఆ తర్వాత వచ్చే విమానాలకీ పోయే విమానాలకీ దారులు వేరు చేశారు, సెకండరీ రాడార్ వచ్చింది, టీక్యాస్ తప్పనిసరి అయింది.

యాంకర్: కెప్టెన్ గారూ, తిరిగి చెప్పించుకోవడం గురించి ఇందాకటి నుంచి అంటున్నారు. తిరిగి చెప్పినా తప్పు దొరకని సందర్భాలు ఉంటాయా?

కెప్టెన్: ఎందుకుండవు! 1989లో కౌలాలంపూర్‌లో ఒక సరుకు విమానం, బోయింగ్ 747. కంట్రోలర్ 2,400 అడుగులకి దిగమన్నారు. కానీ అన్న పద్ధతి 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో'. ఆ 'టూ' ఇంగ్లీషులో రెండూ కావచ్చు, 'వరకు' అనే అర్థమూ రావచ్చు. కెప్టెన్‌కి '400 వరకు' అని వినబడింది. 'ఓకే, ఫోర్ జీరో జీరో' అని తిరిగి చెప్పాడు. కంట్రోలర్ అడ్డు చెప్పలేదు. కొండని గుద్దింది, నలుగురు సిబ్బంది పోయారు. రీడ్‌బ్యాక్, అంటే తిరిగి చెప్పడం, జరిగింది, తప్పు కూడా గట్టిగా పలికారు. వినాల్సినవాళ్లు తాము చెప్పిందే వినబడుతోందనుకున్నారు.

కంట్రోలర్: ఒక రాత్రి డ్యూటీలో ఎన్ని వందల రీడ్‌బ్యాక్‌లు వింటామో ఊహించండి. దాదాపు అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఆ సరిగ్గా ఉండటమే చెవిని పాడుచేస్తుంది. పైగా ఒకే సంస్థ విమానాలు ఒకే సమయంలో, నంబర్లు 635, 653. ఒకరికిచ్చిన ఎత్తు ఇంకొకరు తీసుకుంటారు. సంస్థలకి ఎన్నిసార్లు చెప్పినా షెడ్యూల్ వేసేవాళ్లకి అది పట్టదు. ఆ నంబర్లలో అక్షరాలు కలిపి మార్చే పద్ధతి వచ్చాక కొంత నయం.

యాంకర్: యాసల సంగతేంటి? ఇక్కడ తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, పైనుంచి వెళ్లే అరబ్బులు, రష్యన్లు...

కెప్టెన్: యాస పెద్ద సమస్య కాదండీ, పదాలు కొలతవేసి పెట్టారు. పొద్దున్న 'నమస్కార్' అంటాం, దాంతో స్థానిక భాష అయిపోతుంది. ఇంగ్లీషుకి ఐసీఏఓ పరీక్ష ఉంది, లెవెల్ 4 రావాలి. సమస్య ఎక్కడంటే, మామూలు రోజున ఆ పదాలు సరిపోతాయి. ఏదైనా తేడా వచ్చినప్పుడు మనిషి తన మామూలు ఇంగ్లీషులోకి జారిపోతాడు. 1990లో న్యూయార్క్ దగ్గర కొలంబియా విమానం ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. పైలట్లు 'ప్రయారిటీ' అడిగారు, 'ఇంధనం అయిపోతోంది' అన్నారు. 'ఎమర్జెన్సీ' అనే మాట మాత్రం వాడలేదు. ఆ మాట వింటేనే కంట్రోలర్ మిగతా అందరినీ పక్కకి తోసేస్తాడు.

ఇంజనీర్: రేడియో సంగతి కూడా చెప్పాలి. విమానాల మాటలు ఈ రోజుకీ ఏఎమ్ రేడియో మీదే. పాత టెక్నాలజీ అని నవ్వుతారు. కానీ ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఏఎమ్‌లో ఈల లాంటి శబ్దం వస్తుంది, అంటే ఏదో తొక్కుకుపోయిందని తెలుస్తుంది. ఎఫ్ఎమ్‌లో అయితే గట్టిగా ఉన్నదే వినబడి రెండోది మాయమైపోతుంది. 1977లో టెనెరీఫ్ దీవిలో రన్‌వే మీద కేఎల్ఎమ్, ప్యాన్ యామ్ విమానాలు గుద్దుకున్నప్పుడు ఆ ఈలే వచ్చింది. 'ఆగండి' అన్న టవర్ మాటా, 'మేమింకా రన్‌వే మీదే ఉన్నాం' అన్న ప్యాన్ యామ్ మాటా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో టవర్ అన్న 'ఓకే' తర్వాత చాలావరకు ఈలే. 583 మంది.

కెప్టెన్: అప్పట్నుంచే 'టేకాఫ్' అనే మాట అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్నారు. మిగతా అన్నిచోట్లా 'డిపార్చర్' అనే అంటాం.

ఇంజనీర్: వాషింగ్టన్‌లో ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ గుద్దుకున్నది కూడా అంతే. 2025 జనవరి 29. 'ఆ విమానం వెనకనుంచి వెళ్లు' అని టవర్ హెలికాప్టర్‌కి చెప్పింది. సరిగ్గా ఆ క్షణంలో హెలికాప్టర్ వాళ్ల మైక్ బటన్ నొక్కి ఉండటం వల్ల 'వెనకనుంచి వెళ్లు' అన్న ముక్క వాళ్లకి వినబడి ఉండకపోవచ్చని దర్యాప్తులో చెప్పారు. 67 మంది.

యాంకర్: అక్కడ టీక్యాస్ ఎందుకు ఆపలేకపోయింది?

ఇంజనీర్: నేలకి దగ్గరగా ఉన్నప్పుడు అది ఆజ్ఞ ఇవ్వదు. సుమారు వెయ్యి అడుగుల కింద నోరు మూసుకుంటుంది. లేకపోతే దిగుతున్న విమానాన్ని నేలలోకి దిగమనొచ్చు కదా. 'ట్రాఫిక్, ట్రాఫిక్' అని మాత్రం ఆ విమానంలో వచ్చింది. ఇంకో పరిమితి ఉంది, అవతలివాడి ట్రాన్స్‌పాండర్ పనిచేయకపోతే టీక్యాస్ దృష్టిలో వాడు లేనట్టే. 2006లో బ్రెజిల్‌లో అదే జరిగింది. చిన్న బిజినెస్ జెట్‌లో ట్రాన్స్‌పాండర్ ఆగిపోయి ఉంది, ఎవరూ గమనించలేదు. 737 దాన్ని చూడలేదు. 737లో ఉన్న 154 మందీ పోయారు, చిన్న జెట్ రెక్క చివర విరిగినా దిగగలిగింది.

యాంకర్: మారతహళ్లి నుంచి ఒక శ్రోత సందేశం పంపారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అట. 'ఇన్ని అపార్థాలు మాటల వల్లే అయితే, అన్నీ మెసేజ్ రూపంలో పంపొచ్చు కదా?' అంటున్నారు.

కంట్రోలర్: పంపుతున్నాం. బంగాళాఖాతం మీద చెన్నై ఎప్పట్నుంచో పంపుతోంది. అంతకు ముందు చాలా దూరాలకి వాడే హెచ్ఎఫ్ రేడియోలో గరగర శబ్దాల మధ్య అరుచుకునేవాళ్లం, ఆ బాధ తెలిసినవాళ్లకి మెసేజ్ వరం. కానీ అక్కడ విమానాల మధ్య దూరం ఎక్కువ, జవాబు కొంత ఆలస్యమైనా ఫరవాలేదు. దేవనహళ్లి దగ్గర ల్యాండింగ్‌కి వరసలో ఉన్న విమానానికి 'ఇప్పుడే ఎడమకి తిరుగు' అని చెప్పి, అతను చదివి, బటన్ నొక్కేదాకా కూర్చోలేను.

కెప్టెన్: ఇంకోటి, మిగతావాళ్లకి ఇచ్చే క్లియరెన్సులు కూడా రేడియోలో మాకు వినబడతాయి. అది చాలా విలువైనది. నా ఎత్తే ఇంకొకడికి ఇస్తుంటే నాకు తెలుస్తుంది. మెసేజ్‌లో అది పోతుంది.

ఇంజనీర్: శ్రోత గారికి నేనొకటి చెబుతాను, మీరూ నేనూ ఒకే రకం మనుషులం కాబట్టి. అన్ని టీక్యాస్ హెచ్చరికలూ ప్రమాదాలు కావు. రెండు విమానాలు వెయ్యి అడుగుల తేడాతో ఆగాల్సి ఉంటుంది, ఒకటి వేగంగా ఎక్కుతూ వస్తుంది. అది ఆగబోతోందని యంత్రానికి తెలియదు, మోగుతుంది. అందుకే చివరి వెయ్యి అడుగుల్లో నిమిషానికి 1,500 అడుగుల లోపే ఎక్కమని పైలట్లకి చెబుతారు. కొంతమంది చెవిన పెట్టరు.

కెప్టెన్: (నవ్వు) నన్ను చూసి అనొద్దు.

యాంకర్: చివరిగా ఒక ప్రశ్న. 2022 సంఘటన లాగ్‌బుక్‌లో రాయలేదని, పైకి చెప్పలేదని పత్రికల్లో వచ్చింది. ఎందుకు రాయరు?

కంట్రోలర్: భయం వల్ల రాయరు. మన దగ్గర ఏదైనా జరగ్గానే కంట్రోలర్‌ని డ్యూటీ నుంచి తప్పిస్తారు. దర్యాప్తు అయ్యేదాకా కుర్చీ ఎక్కనివ్వరు. నియమం మంచిదే కావచ్చు, షాక్‌లో ఉన్న మనిషిని మళ్లీ తెర ముందు కూర్చోబెట్టకూడదు. కానీ గదిలో అందరికీ అది శిక్షలాగే కనబడుతుంది.

కెప్టెన్: మాకు దాచే వీలే లేదు మేడమ్. ఆర్ఏ వచ్చిందంటే విమానంలో డేటా రికార్డవుతుంది, మేం రాయకపోయినా ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. మీ దగ్గర కూడా రాడార్ రికార్డింగ్ ఉంది. దాన్ని ఎవరో ఒకరు రోజూ చూడొచ్చు కదా, మనుషులు రాసేదాకా ఎందుకు ఆగాలి?

కంట్రోలర్: చూడొచ్చు. ఎవరు చూస్తారు, చూసి ఎవరి మీద వేస్తారు అన్నదే ప్రశ్న. యూబర్లింగెన్ కంట్రోలర్‌ని 2004లో, పిల్లల్ని పోగొట్టుకున్న ఒక తండ్రి వెతుక్కుంటూ వచ్చి పొడిచి చంపాడు. ఆ తర్వాత, 2007లో స్విట్జర్లాండ్ కోర్టు ఆ సంస్థలో నలుగురు మేనేజర్లని దోషులని తేల్చింది. అంటే రాత్రి ఒక్కడినే కూర్చోబెట్టినవాళ్లది, ఫోన్లు ఆపించినవాళ్లది కూడా బాధ్యత అని. మన దగ్గర దర్యాప్తు అంత పైదాకా వెళ్తుందని కుర్రవాళ్లకి నమ్మకం కుదిరిన రోజున వాళ్లే రాస్తారు.

కెప్టెన్: నమ్మకం కుదిరేదాకా రాయకుండా ఉంటామంటే నేను ఒప్పుకోను.

కంట్రోలర్: మీరు ఒప్పుకోనక్కర్లేదు. మీ ఫస్ట్ ఆఫీసర్‌ని ఒకసారి విడిగా అడిగి చూడండి.

యాంకర్: సమయం దాటిపోయింది, ఇక్కడితో ఆపుదాం. ముగ్గురికీ ధన్యవాదాలు.